హాస్టలులోని బెంగ: గుర్తించుట, ఆదుకొనుట

విజయనగరమునుండి పార్వతీపురము, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయపూరునకు పోవు రైలుమార్గము 1931లో పూర్తియైనది. నాటి బెంగాల్-నాగపూర్ రైల్వే కొలువులకై ఉత్తరాంధ్రమునుండి తరలివెళ్లిన తెలుగు కుటుంబములు పలుతరములుగా రాయపూరు, బిలాసపూరు పట్టణములలో స్థిరపడియున్నవి. తరువాత భిలాయి ఉక్కు కర్మాగారము మరికొందరిని ఆ ప్రాంతమునకు రప్పించినది. నేడు ఆ దారిని పోవువారిలో విద్యార్థులు అనేకులు. 2024 సెప్టెంబరులో దుర్గ్-విశాఖపట్టణముల నడుమ వందేభారత్ రైలు ప్రారంభమైనప్పటినుండి, మధ్యాహ్నము విశాఖలో ఎక్కిన పిల్లవాడు ఆ రాత్రికే రాయపూరులో దిగుచున్నాడు. దూరము తగ్గినది. కాని తల్లిదండ్రులను విడిచి, భాష మారిన ఊరిలో, ముగ్గురు పరాయివారితో ఒక గదిలో కాపురమునకు దిగుట మాత్రము ఎప్పటి కష్టమే.

రాయపూరు విద్యలకు నెలవైన పట్టణము. 1956లో శంకుస్థాపన జరిగిన గనుల, లోహశాస్త్ర కళాశాలయే పెరిగి పెద్దదై 2005లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ, అనగా ఎన్.ఐ.టి., అయినది. 1964లో రవిశంకర్ విశ్వవిద్యాలయము, 2003లో హిదాయతుల్లా న్యాయ విశ్వవిద్యాలయము, 2010లో ఐ.ఐ.ఎమ్., 2012లో ఎయిమ్స్ వైద్యసంస్థ అచట వెలసినవి. ఎన్.ఐ.టి.లలో సగము సీట్లు ఆ రాష్ట్రపు విద్యార్థులకును, తక్కిన సగము ఇతర రాష్ట్రములవారికిని కేటాయింపబడును. ఆంధ్రప్రదేశ్, తెలంగాణములనుండి పిల్లలు అంత దూరము పోవుటకు ఇదియొక కారణము. పదునెనిమిది మొదలు ఇరువదిరెండేండ్ల లోపు వయసుగల ఈ బాలబాలికలను గూర్చియు, వారి ప్రక్కనుండువారు చేయదగిన పనిని గూర్చియు ఈ వ్యాసమున వ్రాయుచున్నాము. ఇందలి మాటలు వరంగల్లు హాస్టలునకును, తిరుపతి హాస్టలునకును గూడ చెల్లును.

మన భాషలో ‘బెంగ’ అను మంచి మాట కలదు. పాలు విడిచిన బిడ్డ బెంగపెట్టుకొనును. అత్తవారింటికి పోయిన పిల్ల బెంగపెట్టుకొనును. హాస్టలున చేరిన కుర్రవాడును అంతే. ఆంగ్లమున ‘డిప్రెషన్’ అను వ్యాధికి పత్రికలవారు ‘కుంగుబాటు’ అని వ్రాయుచున్నారు. మాట సరియైనదే గాని, ‘అమ్మా, నాకు కుంగుబాటుగా ఉంది’ అని ఇంటికి ఫోను చేసిన పిల్లవాడు ఎవడును ఉండడు. వాడు చెప్పునది ‘తలనొప్పి’ అని, ‘నీరసంగా ఉంది’ అని, ‘కడుపులో బాగాలేదు’ అని, లేదా ‘ఏమీ తోచడం లేదు’ అని. అంతకంటె తరచుగా చెప్పునది ‘బాగానే ఉన్నాను’ అని. వినువారికి ఈ సామాన్యమైన మాటలలోని భేదము తెలియవలెను.

బెంగ వ్యాధి కాదు. మొదటి నెల, నెలన్నర దినములు ఇంటిపై ధ్యాస ఉండుట, మెస్సులోని చపాతీలు సహింపకుండుట, రాత్రి వేళ కన్నీరు వచ్చుట సహజము. ఒక స్నేహితుడు దొరకినను, ఒక పరీక్ష గట్టెక్కినను, దసరాకు ఇంటికి పోయివచ్చినను అది సగము తీరును. బెంగగల పిల్లవాడు ఇంటినుండి వచ్చిన ఆవకాయ సీసా మూత ఆనాడే తీయును, గదిలోనివారికి వడ్డించును, ఊరి కబుర్లు చెప్పును. అదే సీసా మూడు వారములు మూత తీయక మంచము క్రింద పడియున్నచో, అది బెంగను మించినదేమో యని ప్రక్క మంచమువాడు అనుమానింపవలెను. ఇంటిని తలచి ఏడ్చుట వేరు, ఇంటిమీద గూడ ఆశ చచ్చుట వేరు.

వైద్యులు దీనికి ఒక కొలత చెప్పుదురు. రెండు వారములకు తక్కువ గాక, దాదాపు ప్రతిదినము, దినములో ఎక్కువ భాగము మనసు దిగులుగా ఉండుట, లేక ముందు ఇష్టమైన వేనియందును రుచి లేకుండుట ముఖ్యలక్షణము. దానితోపాటు నిద్ర తప్పుట లేదా అతినిద్ర, ఆకలి మారుట, అలసట, చదివినది తలకెక్కకుండుట, ‘నేను ఎందుకూ పనికిరాను’ అను తలంపు, చావును గూర్చిన ఆలోచన మున్నగువానిలో కొన్ని చేరును. హాస్టలులో ఇవి ఎట్లు కనబడును? క్రికెట్టు బ్యాటు మూలబడును. స్నానము, గడ్డము గీచికొనుట తప్పును. తెల్లవారుజామున నాలుగింటికి సెల్‌ఫోను వెలుతురు ముఖముపై పడుచుండును. పదింటి తరగతికి మనిషి లేవడు. మెస్సులో వాని పళ్లెము కనబడదు. ఎప్పుడును నవ్వించువాడు మౌనము వహించును. ఎప్పుడును మెత్తగా ఉండువాడు చిన్నమాటకు కసరుకొనును. మగపిల్లలలో దిగులు తరచుగా కోపము రూపమునను, త్రాగుడు రూపమునను బయటపడుచుండును. కనుకనే అది దిగులని ఎవరికిని తోచదు.

వీనిలో ఏదో ఒకటి కనబడగనే వ్యాధియని నిర్ణయింపరాదు. పరీక్షల వారమున ఎవడు సరిగా నిద్రపోవును? చూడవలసినది మార్పును. వాడు ఆగస్టులో ఎట్లుండెను, అక్టోబరులో ఎట్లున్నాడు? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పగలవాడు వైద్యుడు కాదు, ఆచార్యుడు కాదు, వాని గదిలోనివాడు.

ఇచట మన తెలుగు పిల్లల విషయమున ప్రత్యేకముగా ఒకటి చెప్పవలసియున్నది. వీరిలో పెక్కుమంది విజయవాడలోనో, హైదరాబాదులోనో నివాస కళాశాలలలో ఇంటర్మీడియటు చదివినవారు. అచట తెల్లవారుజామున లేపువాడు, తినుటకు పిలుచువాడు, చదువుటకు కూర్చుండబెట్టువాడు, నిద్రకు పొమ్మనువాడు ఉందురు. రెండేండ్లు గంట కొట్టిన ప్రకారము నడచిన పిల్లవాడు, ఎవరును లేపని హాస్టలునకు హఠాత్తుగా వచ్చిపడును. అంతకంటె కష్టమైన సంగతి మరియొకటి. వాడు తన ఊరిలో మొదటివాడు. ఇచట నూరుగురు మొదటివారు ఒక్క తరగతిలో కూర్చుందురు. వారిలో ఒకడు తప్పక నూరవవాడగును. మొదటి సెమిస్టరులో ఒక పేపరు తప్పి ‘బ్యాక్‌లాగ్’ అయినప్పుడు, ఇతరులకది ఒక పరీక్ష. వీనికి తాను ఎవడో తెలుపు ఆనవాలే పోయినట్లుండును. పాఠము ఆంగ్లమున, హాస్టలు మాటలు హిందీలోను ఛత్తీస్‌గఢీలోను. హాస్యమాడుటకు భాష చాలదు. గోడు చెప్పుకొనుటకు అసలే చాలదు.

ఇక ఇంటినుండి వచ్చు ఫోను. వారమునకు రెండుమార్లు, మూడుమార్లు తల్లి మాటలాడును. ‘తిన్నావా నాన్నా?’ ‘తిన్నాను.’ ‘ఎలా ఉన్నావు?’ ‘బాగానే ఉన్నాను.’ తండ్రి ఫోను అందుకొని, ‘మార్కులు వచ్చాయా?’ అని అడుగును. ఇందులో ఎవరి తప్పును లేదు. కాని మూడవ ప్రశ్నకు భయపడి పిల్లవాడు మొదటి రెండింటికిని అబద్ధము చెప్పుచుండవచ్చును. మార్కుల ప్రశ్న ఒక నెల మానిచూడుడు. ‘ఈ పూట మెస్సులో ఏం పెట్టారు? ఎవరితో కలిసి తిన్నావు?’ అని అడుగుడు. ఎవరితో తిన్నాడో చెప్పలేని పిల్లవాడు ఒంటరిగా ఉన్నాడన్న మాట, లేదా తినుటయే లేదన్న మాట. ఫోను ఎత్తుట తగ్గినను, మాట రెండు నిమిషములకు దిగినను, ‘నా కోసం మీరు ఖర్చు పెట్టడం దండగ’ అను ధోరణి వినబడినను ఉపేక్షింపక రైలెక్కుడు. అచటికి చేరిన పిదప మార్కుల ప్రసక్తి తేవలదు.

ఆడపిల్ల చెప్పకుండుటకు మరియొక కారణము కలదు. ‘మనసు బాగాలేదు’ అన్నచో, చదువు మానిపించి ఇంటికి తీసికొనిపోవుదురని, ఆ పిమ్మట పెండ్లి మాటలు మొదలిడుదురని ఆమె భయము. ఆ భయము నిష్కారణమని మేము చెప్పజాలము. ‘ఏమైనా సరే నీ చదువు ఆగదు తల్లీ, ఏం జరిగిందో చెప్పు’ అని తల్లి ముందుగా అన్నప్పుడే తక్కిన మాట బయటికి వచ్చును.

తల్లిదండ్రులు దూరమున నుందురు, ప్రక్కనుండువాడు స్నేహితుడు. అతడు చేయవలసిన పని మొదట చూచుట, తరువాత అడుగుట. నలుగురిలో గాక, మేడమీదనో టీ దుకాణముకడనో ఒంటరిగా నున్నప్పుడు, చూచినదానిని చూచినట్లు చెప్పి అడుగవలెను: ‘ఏరా, పది రోజులనుంచి చూస్తున్నాను. మెస్సుకి రావడం లేదు, రాత్రంతా మేలుకునే ఉంటున్నావు. ఏమైందిరా?’ అడిగిన పిదప ఊరకుండవలెను. ఆ మౌనము ఒక నిమిషము సాగినను మధ్యలో మాట పెట్టరాదు. ‘ఇంతమాత్రానికేనా?’, ‘మీ అమ్మానాన్నల గురించి ఆలోచించు’ అనునవి మంచి మనసుతో అన్నను నోరు మూయించు మాటలు. ‘గుడికి పోదాం పద’ అనుటలో తప్పు లేదు; కాని వాడు చెప్పునది పూర్తిగా విన్న పిదప పోవలెను.

అందరును జంకు ప్రశ్న ఒకటి కలదు. ‘నేను లేకపోతే అందరికీ సుఖం’, ‘ఇంక ఎన్నాళ్లో ఉండను’ వంటి మాటలు వినబడినప్పుడు, ఇష్టమైన వస్తువులు అకారణముగా పంచిపెట్టునప్పుడు, వీడ్కోలు చెప్పునట్లు సందేశములు పంపునప్పుడు, సూటిగా ఇట్లడుగవలెను: ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా?’ ఈ ప్రశ్న లేని ఆలోచనను పుట్టించునని లోకమున నమ్మకము. అనేక పరిశోధనలు దీనిని పరీక్షించి, అట్టి హాని కనబడలేదని తేల్చినవి. అడుగబడినవానికి పెక్కుమార్లు బరువు దిగినట్లగును. తాను మాత్రమే మోయుచున్న మాటను మరియొకడు భయపడక పలికినాడుగదా! ‘చచ్చిపోతానని చెప్పేవాడు చావడు’ అనునది మరియొక అపాయకరమైన నమ్మకము. అట్టి మాటను ఎన్నడును తేలికగా తీసికొనరాదు.

సమాధానము ‘అవును’ అయినచో వానిని ఒంటరిగా విడువరాదు. గదిలో అపాయమునకు వీలైన వస్తువులను, మందులను తొలగింపవలెను. ‘ఎవరికీ చెప్పను’ అని ప్రమాణము చేయవలదు. ‘నీకు సాయం చేయగలవాళ్లకే చెబుతాను, నీ వెంటే ఉంటాను’ అని చెప్పవలెను. ఆ రాత్రియే వార్డెనును లేపవలెను. వార్డెను కోపించునను సంకోచమునకు అది సమయము కాదు. ప్రాణాపాయము దగ్గరగా నున్నట్లు తోచినచో 112కు ఫోను చేయుటయో, ఆసుపత్రి అత్యవసర విభాగమునకు తీసికొనిపోవుటయో చేయవలెను. రాయపూరు ఎన్.ఐ.టి., విశ్వవిద్యాలయము, టాటీబంధ్‌లోని ఎయిమ్స్ ఈ మూడును జి.ఇ. రోడ్డు వెంటనే ఉన్నవి. ఎయిమ్స్‌లో మానసిక వైద్యవిభాగము కలదు. నగరములోని ప్రభుత్వ వైద్యకళాశాలకు అనుబంధమైన అంబేద్కర్ ఆసుపత్రియు కలదు. తల్లిదండ్రులు రైలు దిగునంతవరకు ప్రక్కన కూర్చుండుటకు ఆ నగరమున స్థిరపడిన తెలుగు కుటుంబములవారు ఎవరైన తెలిసియున్నచో వారిని పిలుచుట మేలు.

అంత అత్యవసరము లేనప్పుడు, లేదా ఏమి చేయుటకును తోచనప్పుడు, 14416 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. 2022 అక్టోబరు 10వ తేదీన, ప్రపంచ మానసిక ఆరోగ్యదినమున, భారతప్రభుత్వము ప్రారంభించిన ‘టెలీ మానస్’ సేవ ఇది. రాత్రింబవళ్లు పనిచేయును, రుసుము లేదు. ఇరువది భాషలలో ఈ సేవ కలదు, తెలుగును ఎంచుకొనవచ్చును. మొదట శిక్షణపొందిన సలహాదారు మాటలాడును. అవసరమైనచో మానసిక వైద్యునికి అప్పగించును. బాధపడువాడే గాక, వాని గదిలోనివాడును, తల్లియు గూడ ఫోను చేసి ‘నేనేం చేయాలి?’ అని అడుగవచ్చును. దూరదేశమున నున్న పిల్లవానికి తన గోడు తన భాషలో చెప్పుకొను వీలు చిన్న విషయము కాదు. కళాశాల సలహాదారు హిందీలో ఎంత దయగా మాటలాడినను, ‘గుండెలో దిగులు’ అను మాటకు సాటియైన మాట వెదకుటలోనే పిల్లవాడు అలసిపోవును.

అధ్యాపకులకు ఒక్క మాట. మీ చేతిలోని హాజరుపట్టీ జ్వరమానమువంటిది. సెప్టెంబరువరకు క్రమముగా వచ్చిన విద్యార్థి అక్టోబరులో వరుసగా పది తరగతులు తప్పినచో, పరీక్షకు అనర్హుడని నోటీసు అంటించుటకు ముందు, ఒక మనిషిని వాని గదికి పంపుడు. 2025 జులై 25న సుప్రీంకోర్టు ఈ విషయమునే గ్రహించి విద్యాసంస్థలకు పదునైదు మార్గదర్శకములను విధించినది. అవి వెలువడినది విశాఖపట్టణమున హాస్టలులో ఉండి వైద్యవిద్య ప్రవేశపరీక్షకు చదువుచుండిన ఒక బాలిక మరణమును గూర్చిన వ్యాజ్యములో. నూరుగురు, అంతకు మించిన విద్యార్థులుగల ప్రతి సంస్థలోను అర్హతగల సలహాదారు ఒకరైనను ఉండవలెననియు, సిబ్బందికి ఏటికి రెండుమార్లు శిక్షణ ఈయవలెననియు, సహాయసంఖ్యలను హాస్టళ్లలో అందరికి కనబడునట్లు వ్రాయింపవలెననియు, మార్కులనుబట్టి విద్యార్థులను విడదీయుట, నలుగురిలో అవమానించుట తగదనియు వానిలో కలదు. 2022లో మన దేశమున 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్యకు లోనైరని జాతీయ నేర నమోదు సంస్థ లెక్క. గోడమీద సంఖ్య వ్రాయించినంత మాత్రమున పని జరుగదు. ఆ సలహాదారు గది తలుపు పరిపాలనాధికారి గది ఎదురుగా ఉన్నచో ఎవడును దానిని తట్టడు.

సీనియర్ల వేధింపు వలన కలిగిన దిగులునకు ఓదార్పు ఒక్కటే చాలదు. ఆ వేధింపు ఆగవలెను. ర్యాగింగు నిరోధక ఫోను సంఖ్య 1800-180-5522.

చట్టమును గూర్చిన భయమున కొందరు ఆసుపత్రికి పోక దాచుచుందురు. 2018 మే 29నుండి అమలులోనున్న 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, ప్రాణము తీసికొనబోయినవాడు తీవ్రమైన ఒత్తిడిలో నున్నాడని భావించి, అతనికి చికిత్స, సంరక్షణ కల్పించు బాధ్యతను ప్రభుత్వముపై పెట్టినది. 2024 జులై 1న వచ్చిన భారతీయ న్యాయసంహితలో పూర్వపు 309వ సెక్షను లేదు. ప్రభుత్వోద్యోగి విధిని అడ్డగించుటకై చేసిన యత్నము మాత్రమే అందు నేరముగా నిలిచినది. రోగి వివరములను గోప్యముగా ఉంచుట వైద్యుని విధి.

వైద్యుడు ఏమి చేయును? మొదట వినును. రక్తహీనత, థైరాయిడు లోపము వంటివి దిగులువలె కనబడవచ్చును గనుక రక్తపరీక్ష వ్రాయవచ్చును. వ్యాధి తేలికదైనచో మాటల చికిత్స చాలును. తీవ్రమైనచో మందులును ఇచ్చును. ఈ మందులు తలనొప్పి మాత్రవలె గంటలో పనిచేయవు. గుణము తెలియుటకు రెండునుండి నాలుగు వారములు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు పట్టును. ‘వారం వేసుకున్నా, లాభం లేదు’ అని మానుట, తగ్గినదని మనసుకు తోచగనే మానుట రెండును పొరపాటే. ఇరువదియైదేండ్ల లోపువారికి మందు మొదలిడిన తొలి వారములలో ఆందోళన పెరుగుచున్నదేమో ప్రక్కవారు కనిపెట్టియుండి వైద్యునికి తెలుపవలెను. ఎవరికిని వినబడని గొంతులు వినబడుట, అందరును తనపై కుట్ర పన్నుచున్నారను అనుమానము కలుగుట వేరుజాతి వ్యాధి. అదియు ఈ వయసుననే తరచుగా తల యెత్తును. దానికి తాయెత్తులతో కాలము గడపక, ఎంత త్వరగా వైద్యము చేయించిన అంత మేలు.

చికిత్స పొంది పిల్లవాడు హాస్టలునకు తిరిగివచ్చిన పిమ్మటి వారములను అందరును మరచెదరు. అప్పుడే తోడు ఎక్కువ కావలసియుండును. గదిలోనివారు వానిని గాజుబొమ్మవలె చూడక, మునుపటివలెనే మెస్సునకు పిలువవలెను. పోయిన తరగతుల హాజరు, తప్పిన పరీక్షల సంగతి విభాగాధిపతితో ముందుగానే మాటలాడి, ఆ సెమిస్టరున ఒకటి రెండు సబ్జెక్టులు తగ్గించుకొనుటకు వీలున్నదేమో కనుగొనవలెను. మరల ఆసుపత్రికి పోవలసిన తేదీని స్నేహితుడొకడు తన ఫోనులో గుర్తుపెట్టుకొనవలెను. ఆ తేదీ పరీక్ష దినమున పడినచో ముందే మార్పించి, మందుచీటి నకలు ఇంటికి పంపవలెను.